ఖాళీ క్యారియర్

ఆ సొరంగానికి మంచి పేరు లేదు.

రెండు దేశాల మధ్య పెద్ద కొండ. కొండ నెత్తిన కనుమ. కనుమ దాటి అవతల పడాలంటే పాత సొరంగం ఒకటుంది. లారీలకీ బస్సులకీ కింద ఎక్కడో కొత్త సొరంగం తవ్వారు. అందులో దీపాలున్నాయి, ఫ్యాన్లున్నాయి, సైకిళ్ళకి మాత్రం ప్రవేశం లేదు. కాబట్టి సైకిలు మీద వచ్చినవాళ్ళు సైకిలుని ఏ లారీలోనో ఎక్కించి కొత్త దారిన పోవాలి, లేదంటే దీపం లేని పాత సొరంగంలో తొక్కుకుంటూ పోవాలి.

చాలామంది లారీయే ఎక్కుతారట. దేశాలకి దేశాలు సైకిలు మీద దాటి, మంచుకీ ఎండకీ బెదరని మొనగాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి లారీ డ్రైవర్ని బతిమాలుకుంటారట.

ఎందుకంటే పాత సొరంగంలో... వెనక క్యారియర్ మీద ఎవరో ఎక్కి కూర్చుంటారు.

ఇది నేను చూసింది కాదు, మా బావ చెప్పగా విన్నది. మా బావ ఏదైనా చెప్పాడంటే అందులో సగం తీసేసి వినాలి. ఈ కథలో తీసేయాల్సిన సగం ఏదో మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు.

బావకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. షాపు కింద, ఇల్లు పైన. అక్క బట్టల మిల్లులో సూపర్‌వైజరు, ఇంట్లోనూ అదే ఉద్యోగం చేస్తుంది. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కేవాళ్ళ పక్కన రోజూ కూర్చునేదాన్ని, నన్ను భయపెట్టడానికి దెయ్యాలు ప్రత్యేకంగా రానక్కర్లేదు.

ఆ సొరంగం ప్రయాణానికి ముందు ఏడాది బావ గుండెకి స్టెంటు వేశారు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ ఆయన్ని గాజుబొమ్మని చూసినట్టు చూడటం మొదలుపెట్టాం. మెట్లెక్కితే ఒకరు వెనకాలే నడవడం, సంచీ ఎత్తితే ఒకరు లాక్కోవడం. ఆయనకి విసుగెత్తిపోయింది. ఆర్నెల్లు డాక్టరు ప్రాణం తీసి, సరేననిపించుకుని, మూలనున్న సైకిలు బయటికి తీశాడు. మూడు దేశాలు, కొండల మీదుగా, సముద్రం దాకా.

"నేను రోగిని కాదని ముందు నాకు తెలియాలి," అన్నాడు.

"అయితే నేనూ వస్తా," అంది అక్క. పెళ్ళికి ముందు నుంచీ ఇద్దరికీ సైకిళ్ళ పిచ్చే. "కానీ ఒక షరతు. సొంత కాళ్ళతో లాగలేని రోజు వచ్చిందా, అక్కడితో సరి. లారీ ఎక్కినా, ఎక్కుడులో లారీ తోక పట్టుకుని వేలాడినా, సైకిళ్ళు అమ్మేసి ఇంటికి వచ్చేయడమే. మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు."

"ఎవరు లాగలేకపోయినా?"

"ఎవరైనా."

"నువ్వైనా?"

"నేనెందుకు లాగలేను?" అంది అక్క.

ఆ షరతు మీద వాళ్ళు రెండు దేశాలు దాటారు. బావ కాళ్ళు బాగానే ఆడాయి. ఇక మిగిలింది ఆ కనుమ.

కనుమ కింద ఒక చిన్న లాడ్జి. దాన్ని నడిపే ఆవిడ భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష ఆవిడకి రాదు. మధ్యలో ఫోను దుబాసీ. వీళ్ళు పాత సొరంగం దారి అడగ్గానే ఆవిడ చేతిలో పని పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఫోనులో గుసగుసగా చెప్పిందట.

పూర్వం ఒకాయన భార్యని క్యారియర్ మీద ఎక్కించుకుని ఆ సొరంగంలోంచి వస్తున్నాడు. చీకటి. గతుకులు. ఆమె కబుర్లు చెబుతోంది, ఈయన ఊఁ కొడుతున్నాడు. ఎక్కడో ఒకచోట కబుర్లు ఆగిపోయాయి. అలిగిందేమోలే అనుకున్నాడు. వెలుతురులోకి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే... క్యారియర్ ఖాళీ.

లోపలికి పోయి ఎంత వెతికినా ఆమె దొరకలేదట. అప్పట్నుంచి ఆమె అటుగా వచ్చిన ప్రతి సైకిలూ ఎక్కుతుంది. సొరంగం చివరిదాకా వస్తుంది. తన మొగుడు కాదని తెలిశాక దిగిపోతుంది.

"సీటు ఖాళీగా ఉంచకండి," అందట లాడ్జి ఆవిడ. "క్యారియర్ మీద ఒక రాయి కట్టుకుని పొండి. ఎవరో కూర్చున్నారనుకుని ఊరుకుంటుంది. వెనక్కి మాత్రం చూడకండి."

లాడ్జి గుమ్మం పక్కన రాళ్ళ కుప్ప ఉంది. అక్కడ రాయి కట్టుకున్నవాళ్ళు సొరంగం దాటగానే విప్పి పడేస్తారట. అవతల పడేసిన రాళ్ళు ఇవతలి కుప్పకంటే పెద్ద గుట్టయ్యాయట.

బావ సైకిలుకి రెండు పక్కలా బ్యాగులున్నాయి. టెంటు అక్క సైకిలు మీదుంది. అంటే బావ క్యారియర్ మీద మనిషి కూర్చునేంత చోటు చక్కగా ఖాళీగా ఉంది.

"రాయి కట్టుకోరాదూ," అంది అక్క.

"సరిగ్గా కనిపించనివాటికి నేను జోడు ఇస్తాను," అన్నాడు బావ. "అసలు లేనివాటికి ఇవ్వను."

పొద్దున్నే బయల్దేరారు. కొండ ఎక్కడం మొదలయ్యాక బావకి ఏదో తేడాగా అనిపించింది. సైకిలు కదలనంటోంది. గేర్లన్నీ తగ్గించాడు. చైనుకి నూనె వేశాడు. బ్రేకు చక్రానికి రాసుకుంటోందేమోనని దిగి, చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. దానికి ఏ రోగమూ లేదు, చక్కగా తిరిగింది.

రోగం లేనిది సైకిలుకైతే మరి ఉన్నదెవరికి? ఆ ప్రశ్న బావ పైకి అనలేదు. ప్రతి మలుపులోనూ రెండు వేళ్ళు మెడ మీద పెట్టి నాడి చూసుకున్నాడు. అక్క చూడకుండా.

"ఏమైంది?" అంది అక్క వెనక నుంచి.

"ఏం కాలేదు. కొండ బాగుంది, చూస్తూ ఎక్కుతున్నా."

అలా చూస్తూ చూస్తూ సొరంగం నోటి దగ్గరికి వచ్చేసరికి పొద్దు కుంకుతోంది. అక్కడ ఆగి, గోడ మీద ఫోను నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటోలో ఇద్దరూ నవ్వుతున్నారు గానీ ఇద్దరి ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"ఇక్కడే టెంటు వేసుకుని పొద్దున పోదామా?" అంది అక్క.

"ఇక్కడ ఆగితే లాగలేక ఆగినట్టే," అన్నాడు బావ. "నువ్వు నా మీద నమ్మకం వదులుకున్నా నేను వదులుకోలేదు."

సైకిలు దీపం వేసుకుని బావ లోపలికి పోయాడు, వెనకాలే అక్క.

లోపల కటిక చీకటి. దీపం వెలుగు నాలుగడుగులు పోయి ఆగిపోతోంది. పైనుంచి నీళ్ళు... టప్... టప్... ఒక చుక్క మెడ మీద పడింది, ఇంకోటి చెవి మీద.

కొంత దూరం బాగానే పోయింది. ఇంకొంచెం లోపలికి పోయాక... సైకిలు ఒక్కసారి బరువెక్కింది.

చక్రం ఆగలేదు. ఎవరో ఎక్కారు. అలాగే అనిపించిందట. వెనక భాగం చిన్నగా కుంగినట్టు, ఒకసారి అటూ ఇటూ ఊగి సర్దుకున్నట్టు.

"ఉన్నావా?" అన్నాడు బావ ముందుకే చూస్తూ.

"ఉన్నా," అంది అక్క గొంతు. సొరంగంలో గొంతు ఎక్కడినుంచి వస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ మాట గోడలకీ కప్పుకీ తగిలి, ఆయన వీపు వెనకే పుట్టినట్టు వినిపించింది. దాంతోపాటు ఇంకో చప్పుడు... ఊపిరి. ఆగి ఆగి, నొప్పిని మింగుతున్నట్టు.

బావ పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ అంత భయంలోనూ ఆయన మొక్కుకున్నదేమిటో తెలుసా? ఇది దెయ్యమే అయ్యుండాలి అని. దెయ్యమైతే బరువు దెయ్యానిది. దెయ్యం కాకపోతే ఆ బరువు గుండెది. మా బావకి దెయ్యం పట్టిందంటే ఒప్పుకుంటాడు గానీ ఓపిక తగ్గిందంటే ఒప్పుకోడు.

అలా తొక్కుతూ ఉంటే, ఎక్కినావిడ మీద జాలేసిందట. చీకట్లో జారిపడి, వచ్చిన ప్రతి సైకిలూ ఎక్కుతూ, ప్రతిసారీ కాదని తెలిసి దిగిపోవడం... ఎన్నేళ్ళని?

"కూర్చో తల్లీ," అన్నాడు మెల్లగా. "గట్టిగా పట్టుకో... నేను పడెయ్యను."

ఆ మాట అన్నాక ఒక క్షణం తేలికయింది. మరుక్షణం ఇందాకటికంటే బరువయింది. ఇక వెనకనుంచి ఊపిరి చప్పుడు కూడా లేదు. ఒళ్ళంతా చెమట, కాళ్ళు పట్టేస్తున్నాయి, అయినా తొక్కాడు. దూరంగా చీకటి కొంచెం పల్చబడింది. సొరంగం నోరు. బయటికి రాగానే... ఎవరో దిగిపోయినట్టు సైకిలు తేలికయి, ముందుకి ఉరికింది.

బ్రేకు వేసి, దిగి, రోడ్డు పక్కన కూలబడ్డాడు. మీ అక్క తీరిగ్గా చాలాసేపటికి వచ్చింది, అంటాడు బావ ఈ చోట ఎప్పుడూ.

చలేస్తోంటే స్వెట్టరు కోసం బ్యాగు తెరిచాడు. అడుగున చెయ్యి గట్టిగా దేనికో తగిలింది. తీసి చూస్తే రాయి, రోట్లో పొత్రమంత ఉంది.

"మీరు కట్టుకోనన్నారుగా," అంది అక్క. "అందుకని నేనే లోపల పెట్టా."

ఇదీ బావ చెప్పే కథ. దెయ్యమూ లేదు, గుండెకి లోటూ లేదు, అంతా రాయి బరువు. రాయిని మోస్తూ కనుమ దాటినవాడు రోగి ఎలా అవుతాడు? సముద్రం దాకా వెళ్ళి వచ్చారు. రాయిని పార్శిల్లో ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు షాపు తలుపుకి అడ్డం పెట్టేది దాన్నే. కొత్త జోడు పెట్టుకున్న ప్రతివాడూ ముందుగా ఆ రాయిని చూసి, ఈ కథ విని, ఆ తర్వాతే బయటి లోకాన్ని చూడాలి.

మొన్న రాత్రి వాళ్ళింట్లో భోజనం. తిన్నాక బల్ల మీద మ్యాపు పరిచారు. ఈసారి నాలుగు దేశాలట. గోడకి ఆ సొరంగం ఫొటో పెద్దది చేయించి కొత్తగా తగిలించారు. బావ మళ్ళీ కథ మొదలుపెట్టాడు. విన్న కథే కదా అని నేను ఫొటో చూస్తూ కూర్చున్నాను.

వాళ్ళ వెనక, సొరంగం నోటి పక్కన, ఒక బోర్డుంది. మూడు మూలల బోర్డులో ముక్కు కిందికి పెట్టిన లారీ బొమ్మ. మా శిష్యులకి నేను మొదటి వారంలోనే నేర్పించే బోర్డు అది.

"బావా, సొరంగంలో దిగుడా?"

"ఆఁ. ఎక్కుడంతా అక్కడితో అయిపోతుంది. లోపల కొంచెం దిగుడే."

"కొంచెమైతే లారీ బోర్డు పెట్టరు."

"అయితే ఏమిటిప్పుడు?"

నోరు మూసుకోవాల్సింది. తెలివి ప్రదర్శించే అవకాశం వస్తే నేను ఊరుకోలేను, చిన్నప్పట్నుంచీ అంతే.

"బరువు ఎక్కుడులో లాగుతుంది బావా. దిగుడులో తోస్తుంది. రాయి ఉంటే నువ్వు సొరంగంలో ఇంకా జోరుగా పోవాలి. మరి బరువెందుకయింది?"

బావ ఫొటో కేసి చూశాడు. ఎక్కుడు, దిగుడు మనసులో కొలుచుకుంటున్నాడని తెలుస్తోంది. ఆయన చెయ్యి ఆయనకి తెలియకుండానే ఛాతీ మీదికి పోయింది.

"ఎక్కేటప్పుడు రాయి," అన్నాడు మెల్లగా. "లోపల... రాయి కాదన్నమాట."

ఆయన మ్యాపుని మడత మీద మడత వేసి, చిన్నది చేసి పక్కన పెట్టాడు.

"షరతు షరతే," అన్నాడు. "ఆ రోజే లాగలేకపోయానన్నమాట. ఇన్నాళ్ళూ రాయిని చూపించి బతికేశాను. సైకిళ్ళు అమ్మేద్దాంలే."

నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. అక్క లేచి, గిన్నెలు తీసుకుని వంటింట్లోకి పోతూ నాకు కళ్ళతో సైగ చేసింది. వెళ్ళాను. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున గుసగుసగా అంది:

"అది గుండె కాదే. నేను."

"ఏమిటి?"

"కొండ ఎక్కేటప్పుడు నా మోకాలు పట్టేసింది. వాచి ఇంతయింది. పైకి వచ్చేసరికి తొక్కలేను, దిగి నడవలేను. ఎలా చెప్పను? షరతు పెట్టిన మహాతల్లిని నేనే కదా. పోనీ దిగుడే కదా, జారుకుంటూ పోదామంటే లోపలికి పోయిన కాసేపటికి నా దీపం ఆరిపోయింది. భయమేసింది. చెయ్యి చాపి ఆయన క్యారియర్ పట్టుకున్నా. ఇంకో చేత్తో బ్రేకు నొక్కి పట్టుకున్నా... గుద్దేస్తానేమోనని. పాపం, ఆయన నన్నూ నా బ్రేకునీ కలిపి ఈడ్చాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆయన కథ చెబుతుంటే మా అక్క తేలు కుట్టిన దొంగలా అలా కూర్చునే ఉంది.

"చివరిదాకా అలాగే పట్టుకున్నావా?"

"ఎక్కడ? సగం కూడా రాలేదు. ఈయన ఉన్నట్టుండి, కూర్చో తల్లీ, గట్టిగా పట్టుకో, పడెయ్యను అన్నాడు చూడు... సిగ్గుతో చచ్చిపోయాను. గుండె బాగాలేని మనిషి చేత లాగించుకుంటున్నానా అనిపించి అప్పుడే వదిలేశా. తర్వాతంతా గోడ తడుముకుంటూ, కాలు నేలకి రాస్తూ, ఒక్కదాన్నే వచ్చా. ఆయన దీపం ఎంత దూరం పోయిందో. అందుకే అంత ఆలస్యం."

"ఇప్పుడు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అక్క కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, హాల్లోకి వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ దెయ్యాన్ని నేనే," అంది.

మోకాలి సంగతీ, దీపం సంగతీ, బ్రేకు సంగతీ అన్నీ చెప్పింది. బావ కాసేపు ఆమె ముఖంలోకి అలాగే చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ చూశాడు. అప్పుడు మొదలైంది నవ్వు... కళ్ళలో నీళ్ళొచ్చేదాకా, కింద షాపు అద్దాలు కదిలేదాకా. ఆ నీళ్ళన్నీ నవ్వువే కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"అంటే రాయీ నువ్వే, దెయ్యమూ నువ్వేనా?"

"షరతు తప్పింది నేను," అంది అక్క తల వంచుకుని. "అమ్మేస్తే నాది అమ్మేయండి."

"షరతు మనుషులకి," అన్నాడు బావ. "దెయ్యాలకి వర్తించదు."

మ్యాపు మళ్ళీ తీసి మడతలు విప్పాడు. మూలలు లేవకుండా ఒకవైపు ఉప్పు సీసా పెట్టాడు. ఆయన ముఖం చూస్తే నా ప్రాణం లేచొచ్చింది. వీళ్ళ నాలుగు దేశాల ప్రయాణం నిలబడింది, నా పరువూ దక్కింది, ఇక ఇంటికి బయల్దేరవచ్చు అనుకున్నాను.

"ఒక్క మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు," అన్నాడు బావ మ్యాపు మీద వేలు పెట్టి దారి చూస్తూనే. "చెబితే రోగి భ్రమ అంటారని. గట్టిగా పట్టుకోమన్నాక క్యారియర్ వదిలేసి నా నడుం చుట్టూ చెయ్యి వేశావు చూడు... ఎంత చల్లగా ఉందో! గ్లౌజులు తీసేశావా ఏమిటి? వెలుతురు కనిపించేదాకా వదల్లేదు. ఆ చెయ్యే లేకపోతే నేను అక్కడే కూలబడేవాణ్ణి."

బల్ల కింద అక్క చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా.

"అవును," అంది ఆయనతో. గొంతు కొంచెం కూడా వణకలేదు, సూపర్‌వైజరు కదా. "గ్లౌజులు తడిసిపోయాయి. తీసేశా."

బావ తృప్తిగా తల ఊపి, ఈసారి టెంటు తన సైకిలు మీద పెట్టుకుంటానన్నాడు. వద్దండీ, మీ క్యారియర్ మీద నేనే ఏదో ఒకటి కడతాలెండి, అంది అక్క.

నేను కిందికి వచ్చి స్కూటరు తీశాను. వీధి నిండా లైట్లున్నాయి, మా ఇల్లు ఎంతో దూరం లేదు, దారిలో సొరంగం ఏదీ లేదు. నన్ను భయపెట్టడానికి దెయ్యాలు రానక్కర్లేదని మొదటే చెప్పాను కదా.

వెనక్కి వెళ్ళి, షాపు తలుపుకి అడ్డం పెట్టిన రాయిని ఎత్తుకొచ్చి, వెనక సీటు మీద పెట్టి, చున్నీతో రెండు ముళ్ళు వేసి కట్టాను.